తోటకు బూజు దులిపించిన ఏడాది

1958లో నా పెళ్లికి మా నాన్న అంగలకుదురు దగ్గర ఎకరం నిమ్మతోట పసుపుకుంకుమల కింద నా పేర రాసిచ్చారు. తొంభై ఆరు చెట్లు, అన్నీ కాపు మీదున్నవే. కొమ్మల మధ్య సాలెగూళ్లుండేవి. కాయలు కోసేవాళ్లు వాటిని తెంపకుండా వంగి వెళ్లేవారు. లేత ఆకును తొలిచి తెల్లటి గీతలు మిగిల్చే పురుగు ఒకటుంది. అది రెక్కలొచ్చి ఎగిరేటప్పుడు ఆ గూళ్లలోనే చిక్కేది. నేను ఆదివారం ఆదివారం గూళ్లు లెక్కపెట్టి పంచాంగం అంచున రాసుకునేదాన్ని.

1968 ఆగస్టులో తోటను గుత్తకు అడగడానికి రేపల్లె నుంచి ఒక షావుకారు వచ్చాడు. మొదటి వరసలోనే గూడు ముఖానికి అంటుకుంది.

"ఏంటండీ ఇది, తోటా, పాడుబడ్డ కొట్టా?" అన్నాడు తుడుచుకుంటూ.

మా ఆయనకు తల కొట్టేసినట్టయింది. "పెళ్లికి ఇల్లు దులిపినట్టు దులిపిస్తానండి. వచ్చే వారం రండి."

మర్నాడే తెనాలి నుంచి ఎండ్రిన్ పురుగుమందు డబ్బాలు తెచ్చారు.

"పురుగు లేని తోటకు మందెందుకండి? దాన్ని ఆ సాలీళ్లే తింటున్నాయి. మొన్న రెండు వందల పన్నెండు గూళ్లున్నాయి" అన్నాను.

"లెక్కలు నువ్వు చూసుకో. తోట నేను చూసుకుంటా."

తోట నాది. అయినా మందు కలపడానికి కాలవ నీళ్లు దగ్గరుండి మోయించింది నేనే. ఆ ఆదివారం పంచాంగంలో సున్నా వేశాను.

షావుకారు మెచ్చుకుని తోట తీసుకున్నాడు. నెల తిరగకుండా లేత ఆకులన్నీ గీతలు పడి ముడుచుకున్నాయి. మళ్లీ మందు కొట్టారు. పురుగు తగ్గినట్టే తగ్గి తిరిగొచ్చింది, సాలీళ్లు రాలేదు. మరుసటి ఏడు తొమ్మిదిసార్లు కొట్టారు. ఆ ఏడాదంతా కలిపి నాకు కనపడ్డ గూళ్లు నాలుగు. తర్వాత కాయల మీద రసం పీల్చే నల్లి పడి తొక్కలు గరుకుబారాయి. షావుకారు మళ్లీ మా గడప తొక్కలేదు. 1972 మే నెలలో మా ఆయన చెట్లన్నీ నరికించేశారు.

ఆ వేసవిలోనే బాపట్లలో మా ఆడపడుచు ఇంట్లో నలుగురూ కూర్చున్నప్పుడు తోట మాట వచ్చింది.

"ఆ నేలకు నిమ్మ పడదండి" అన్నారు మా ఆయన.

"నేనొచ్చాక పదేళ్లు కాసింది. మందు కొట్టాక నాలుగేళ్లకు పోయింది" అన్నాను.

"మా ఆవిడకు లెక్కల పిచ్చండి."

అందరూ నవ్వారు. మా ఆడపడుచు కాఫీ గ్లాసులు నా చేతికిచ్చింది. ఆయనకే ముందు ఇచ్చాను.