జల్లాఖ్‌లో కుంపటి

బహ్రెయిన్‌లో చలి ఉంటుందంటే మా ఊళ్ళో ఎవరూ నమ్మరు. ఎడారి కదా అంటారు. పుష్యమాసంలో ఉత్తరపు గాలి తిరిగి నాలుగు చినుకులు పడ్డాయంటే ఆ ఇళ్ళలో కూర్చోలేం. కింద పాలరాయి, పైన కాంక్రీటు. ఎండ తగలకూడదని కట్టిన ఇళ్ళవి. ఏసీ పెట్టెల సందుల్లోంచి గాలి ఈల వేస్తూ వస్తుంది.

తొంభైల చివర్లో నేను జల్లాఖ్‌లో ఒక స్కాట్లాండు వాళ్ళింట్లో వంట చేసేదాన్ని. అప్పటికే నాకు మనవలున్నారు. చదువు రెండో తరగతితో సరి. సారే మాకు కఫీల్. వీసా ఆయన చేతిలో ఉంటుంది, ఉండమంటే ఉండాలి, పొమ్మంటే పోవాలి. ఆ ఏడు మేడం వాళ్ళమ్మ వచ్చింది. అక్కడి చలికి ఆగలేకపోతోందని కూతురే తెచ్చుకుంది. ఆవిణ్ణి చూసుకోవడానికి ఒక కోనసీమ పిల్లని పెట్టారు. తుఫానులో దాని మొగుడూ పోయాడు, ఇల్లూ పోయింది. కొడుకుని హాస్టల్లో పడేసి వచ్చింది. ఈ పని పోతే వెళ్ళి చేరడానికి దానికి గడప లేదు.

పదో తరగతి చదివింది కనక ముసలావిడ మాటలు దానికే తెలిసేవి. నేను కూరలు తరుగుతుంటే వచ్చి చెప్పేది.

"ఆవిడూళ్ళో చలికాలం మధ్యాన్నం టీ తాగేలోపే చీకటడిపోద్దంట మామ్మా. గాలికి గొడుగులు తిరగబడిపోతాయంట. ఉతికిన బట్టలు ఎన్నాళ్ళకీ ఆరవంట. కిటికీ అద్దానికి లోపలేపే మంచు గడతాదంట."

"అలాంటి ఊరొదిలొచ్చి ఇక్కడ వణుకుతోందా?"

"అక్కడ గదికో పొయ్యుంటాదంట. బొగ్గులేసుకుని దానెదురుగా కూకుంటారంట. ఇక్కడేముంది, సమాధిలా ఉందంటంది."

"నోరు ముయ్యి. మేడం వింటే నిన్ను పెడుతుంది సమాధిలో."

అది పకపకా నవ్వింది.

ఒకరోజు మధ్యాహ్నం మబ్బు పట్టింది. బట్టలు తియ్యడానికి డాబా మీదికి వెళ్ళాను. దిగి వచ్చేసరికి ముసలావిడ గది తలుపు మూసి ఉంది. పిలిస్తే ఇద్దరిలో ఒక్కరూ పలకలేదు. తోస్తే కింద కుక్కిన తువ్వాలు అడ్డుపడింది. భుజంతో నెట్టాను.

లోపల పొగ లేదు. వేడి, వాము వాసన. మంచం కింద పాత ఇనప మూకుట్లో, సారు శుక్రవారం మాంసం కాల్చుకునే బొగ్గులు ఎర్రగా ఉన్నాయి. మా వైపు బాలింత మంచం కింద కుంపటి పెట్టినట్టే పెట్టింది. ఏసీ సందుల్లో గుడ్డలు కూడా కుక్కింది. మా తాటాకిళ్ళలో ఆ సెగ కప్పులోంచి పోతుంది. ముసలావిడ ఊళ్ళో పొగగొట్టంలోంచి పోతుంది. ఆ గదిలో ఎటూ పోలేదు.

పిల్ల నేలమీద మంచానికి ఆనుకుని పడి ఉంది. ముసలావిడ మొహం కుంకంలా ఉంది. ఒకరి తరవాత ఒకరిని వరండాలోకి ఈడ్చాను. వాన జల్లు మొహాన కొట్టాక పిల్ల కక్కుకుంది.

"ఆవిడే అడిగింది మామ్మా. చేతులు నీలంగా అయిపోయాయి. చూళ్ళేకపోయాను."

డాక్టరు వచ్చి ప్రాణానికి భయం లేదన్నాడు. మేడం తల్లి పక్కన కూర్చుని ఏం జరిగిందని అడిగింది. "మంట నేనే అడిగాను" అంది ముసలావిడ. ఆ మాత్రం ఇంగ్లీషు నాకు వచ్చు. పిల్ల కళ్ళు తుడుచుకుంది, గండం గడిచిందనుకుని. కానీ ఆవిడ ఆగలేదు. మిగతా మాటలు పిల్ల తరవాత నాకు చెప్పింది. పొగగొట్టం దులిపేవాడు వచ్చి వెళ్ళాడా అని కూతుర్ని అడిగింది. బయట మంచు కురుస్తోందా అంది. మేడం ఆవిడ చెయ్యి నిమిరి సారు వైపు చూసింది.

"మేడం, మమ్మా టెల్ ఫైర్. గుడ్ గర్ల్ మేడం" అన్నాను.

"అమ్మకి మతి స్థిమితం లేదు. నువ్వు వంటింట్లోకి వెళ్ళు" అంది మేడం.

"ఖలాస్" అన్నారు సారు. పిల్లకి టికెట్టు తియ్యడానికి ఫోను దగ్గరికి వెళ్ళారు.

పిల్ల నా వెనకే వంటింట్లోకి వచ్చింది. "ఎక్కడికెళ్ళమంటావు మామ్మా?" అంది. అన్నం పెట్టి, తినమని గదిమాను. తిన్నది సగం.

దాన్ని పంపేశాక ముసలావిడ రోజూ ఆ పిల్ల ఏదని అడిగేది. "పంపేశారమ్మా. నువ్వు నిజం చెప్పినా నమ్మలేదు" అని తెలుగులోనే చెప్పేదాన్ని. ఏం అర్థమయ్యేదో, దుప్పటి లాక్కుని గోడవైపు తిరిగేది. ఆవిడకి స్నానం చేయించడం, తినిపించడం కూడా నా మీదే పడ్డాయి.