దిగేదాకా ఫోన్ పెట్టెయ్యని అక్క

ఖైతాన్‌లో మా కింది అంతస్తులో ఉండే అక్క చనిపోయింది. గుండెపోటు. ఆసుపత్రికి తీసుకుపోయింది నేనే కాబట్టి డాక్టరు ఆ మాట ముందుగా నాకే చెప్పాడు. మధ్యాహ్నానికల్లా కువైట్‌లో ఎక్కడెక్కడో పనిచేసే తెలుగు ఆడవాళ్లకు సంగతి తెలిసిపోయింది. నాకు ఫోన్ చేసినవాళ్లలో చాలామంది ఆమె ముఖం ఎన్నడూ చూడలేదు. "టాక్సీ అక్కేనా?" అని అడిగారు. అవునన్నాను. ఆమెకు టాక్సీ లేదు, కారు నడపడం రాదు.

అన్నమయ్య జిల్లా నుంచి ఇళ్లలో పనికి వచ్చిన మనిషి. మోకాళ్లు సహకరించక ఆ పని మానేసి, మా బిల్డింగులోని ఒంటరి మగవాళ్లకు క్యారియర్లు కట్టేది. ఆమె నాకు బంధువు కాదు. ఆమె చేతి కూడు తిన్నవాణ్ణి, అంతే.

ఇక్కడ టాక్సీ ఎక్కడమంటే ఏమిటో మన ఊళ్లలో ఉన్న పాఠకులకు చెప్పాలి. అడ్రసు అంటే పేట పేరు, బ్లాకు నంబరు, వీధి నంబరు, ఇంటి నంబరు. ఇళ్లలో పనిచేసే మన ఆడవాళ్లలో చాలామందికి తామున్న ఇంటి నంబరు తెలియదు. విమానం దిగి కఫీల్ కారులో వస్తారు, ఆ గేటు లోపలే ఉంటారు. కఫీల్ అంటే వీసా ఇచ్చిన యజమాని. ఆయన భార్యను మామా అని పిలుస్తారు. నీ ఇల్లెక్కడ అని అడిగితే "మామా వాళ్లిల్లు" అంటారు. వాళ్లకు వచ్చిన అరబీ కూడా మామా నోట విన్నదే. తీసుకురా, పో, తుడువు, చాలు. ఆ మాటలతో వంటిల్లు నడుస్తుంది. టాక్సీ నడవదు.

నేనూ అనుభవించాను. చాలా ఏళ్లు విలేకరిగా తిరిగినవాణ్ణి, ఊరు కొత్తయితే భయపడే మనిషిని కాననుకున్నాను. వచ్చిన కొత్తలో ఒకరోజు ఇంటికి రావడానికి టాక్సీ ఎక్కి, ఇంగ్లీషులో రాసిన అడ్రసు కాగితం చూపించాను. డ్రైవరు దాన్ని అటూ ఇటూ తిప్పి ఎవరికో ఫోన్ చేసి, ఆ ఫోన్ నా చేతికిచ్చాడు. అవతలి మనిషి అరబీలో ఏదో అడిగాడు. నేను ఇంగ్లీషులో ఏదో చెప్పాను. ఫోన్ తిరిగి ఇచ్చేశాను. ఆ తర్వాత మాకిద్దరికీ మాటల్లేవు. ఒకే పెట్రోలు బంకు కిటికీలో మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. అతను అద్దంలో నన్ను చూస్తున్నాడు. ఎందుకు చూస్తున్నాడో తెలియదు. 

చివరికి మా సందు చుట్టూ తిరుగుతుంటే, గేటు దగ్గర కొత్తిమీర బేరమాడుతున్న ఒకావిడ కారుకు అడ్డం వచ్చి చెయ్యెత్తి ఆపింది.

"ఏం అబ్బీ, ఊరేగింపా? ఇందాకట్నుంచి సూస్తాండా."

నేను అక్కను మొదటిసారి చూసింది అప్పుడే. దిగాక నిలబెట్టి పాఠం చెప్పింది. "అన్నం తినే చెయ్యి యమీన్. ఇంగో చెయ్యి యసార్. నేరుగా పోవాలంటే సీదా. వానికి మాట అర్థం కాకుంటే చెయ్యన్నా సూపీ."

అక్క ఆడవాళ్లకు చేసి పెట్టే పని చిన్నది. ఎవరైనా ఒంటరిగా టాక్సీ ఎక్కితే ఆమెకు ఫోన్ చేస్తారు. దిగేదాకా ఆమె లైన్‌లో ఉంటుంది. అవసరమైతే డ్రైవరుతో అరబీలోనో, రాయచోటి వైపు నేర్చిన ఉర్దూలోనో మాట్లాడుతుంది. అవసరం లేకపోతే ఉల్లిపాయలు తరుగుతూ వింటూ ఉంటుంది. ఫోన్ మెడలో గుడ్డసంచిలో వేలాడుతుండేది. స్నానానికి పోయేటప్పుడు దాన్ని పక్క గది అమ్మాయికి అప్పగించి పోయేది. ఎక్కినవాళ్లు కిటికీలోంచి కనిపించేవన్నీ చెబుతూ ఉండాలి. దిగాక "దిగినా అక్కా" అనాలి. అప్పుడు ఆమె "సరే, ఇంగ పెట్టెయ్" అంటుంది. ఆ మాట వినకుండా ఎవరూ పెట్టెయ్యకూడదు.

"భయమైతే కండ్లు మూసుకోగాకు, కనపడేది చెప్పు" అనేది. నా వృత్తిలో నాకు దొరికిన సలహాల్లో ఇంతకంటే పనికొచ్చేది గుర్తులేదు. ఇంకో మాట కూడా అందరికీ చెప్పేది. "బ్యాలెన్సు లేకున్నా ఫోను చెవికాడే పెట్టుకో. మాట్లాడతానే ఉండు. వినేవాళ్లు ఉండారని వానికి తెలియాల."

ఇదంతా ఎందుకని ఒకసారి అడిగాను. వచ్చిన కొత్తలో టాక్సీ ఆయనకు దారి చెప్పలేకపోతే, అతను విసుగొచ్చి, కబ్ద్‌లో రోడ్డు పక్కన దించేసి పోయాడట. కబ్ద్ అంటే ఎడారిలో పశువుల దొడ్లు, షేకుల ఫామ్‌హౌస్‌లు ఉండే చోటు.

"మనిషి లేడు అబ్బీ. కంచె, రేకుల షెడ్డు, గొర్రెలు. వీటికన్నా తెలుగు వస్తాదేమోనని మాట్లాడిచ్చినా. అవీ అరబ్బు గొర్రెలే."

నవ్వింది. అక్కడి నుంచి ఎలా బయటపడిందో మాత్రం చెప్పలేదు. నేను రెండోసారి అడగలేదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం వంటింట్లో నాకు సంగటి పెట్టి, తనూ గిన్నెలో పెట్టుకుంది. ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టి గట్టు మీద ఉంచింది.

"అక్కా, భయమేస్తందక్కా. ఎటో తీసుకెళ్లిపోతున్నాడు."

గోదావరి జిల్లా అమ్మాయి. చర్చిలో ఎవరో అక్క నంబరిచ్చారు. వచ్చి ఏడాది కాలేదు.

"ఏడ్సగాకు. ఏం కనపడతాందో చెప్పు."

"ఏం లేదక్కా. ఇళ్లన్నీ అయిపోయినియ్యి. ఇసకే."

"ఇసక గాక?"

"కంచెలు. రేకుల షెడ్లు. గొర్రెలున్నాయి."

అక్క నా వైపు తిరిగి, గొంతు రాకుండా పెదవులతో "కబ్ద్" అంది. చేతిలో గిన్నె కింద పెట్టేసింది.

ఏడుపు మధ్యలో విషయం బయటికొచ్చింది. మామా వాళ్లు ఇంట్లో లేని రోజు చూసి, చెప్పకుండా చర్చికి వచ్చింది. పొద్దున తమ ఊరి నర్సు ఒకామె, జమియా దగ్గర కలుసుకుని టాక్సీలో తీసుకుపోయింది. జమియా అంటే పేటకొకటి ఉండే పెద్ద సరుకుల అంగడి. నర్సుకు మధ్యాహ్నం డ్యూటీ, అందుకని తిరిగి రావడం ఒంటరిగా. మామా వాళ్లు పొద్దుగుంకాక వచ్చేస్తారు. వచ్చేసరికి పనిమనిషి ఇంట్లో లేకపోతే పారిపోయిందని కేసు పెట్టగలరు. కేసు పడితే ఇఖామా, అంటే ఇక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి, పోతుంది. ఊళ్లో, తిండికి కూడా లెక్క చూసుకునే ఇల్లు ఈ అమ్మాయి జీతం మీదే నడుస్తోంది.

పోలీసులకు చెబుదామన్నాను.

"పోలీసులు ముందు ఫోన్ చేసేది ఎవరికి? కఫీల్‌కే. గమ్మునుండు." మళ్లీ ఫోన్ వైపు వంగింది. "పాపా, ఫోను ఆయనకియ్యి. నేను మాట్లాడతా."

"ఇస్తే లాగేసుకుంటాడక్కా."

"లాక్కోనీ. నా గొంతు వాని చేతిలో ఉంటాది గదా. ఇయ్యి."

ఫోన్ చేతులు మారిన చప్పుడు వినిపించింది. తర్వాత ఒక ముసలి గొంతు, బంగ్లాదేశ్ వాళ్ల హిందీ. "ఆపా, లడ్కీ బహుత్ రోతా హై. హమ్ క్యా కరేగా? లొకేషన్ ఉస్నే దియా."

పిల్ల ఒకటే ఏడుస్తోంది, నేనేం చెయ్యను, లొకేషన్ ఇచ్చింది తనే అంటున్నాడు. అతనికీ భయమే. ఏడుస్తున్న ఆడమనిషిని వెనక సీట్లో పెట్టుకుని ఎడారి దారిలో పోతున్నాడు. పోలీసులు ఆపితే తన మాట ఎవరు నమ్ముతారు?

అక్క ఫోన్ అమ్మాయికి ఇప్పించింది. "ఏం లొకేషన్ సూపిచ్చినావు పాపా?"

"మామా పంపిందే అక్కా. మొన్న వంటగిన్నెలు పంపమని పెట్టింది. గిన్నెలు వేరే బండిలో ఎళ్లిపోయినియ్యి. మామా పంపింది కదా, మామా ఇల్లే అనుకున్నాను."

"మామా ఇప్పుడు యాడుంది?"

"ఫామ్‌హౌస్‌కి ఎళ్లారక్కా అందరూ."

అక్క కళ్లు మూసి తెరిచింది.

"పాపా, నువ్వు పోతాండేది ఆడికే."

అవతల ఏడుపు ఆగిపోయింది.  అక్క ఫోన్ దగ్గర నోరు పెట్టి, కారు వెనక్కి తిప్పమని అరిచింది. "భాయ్! ఉధర్ నక్కో! వాపస్ లో, వాపస్!" కంకర మీద చక్రాలు తిరిగిన చప్పుడు మా వంటింట్లోకి వినిపించింది.

అప్పుడు నేను ఆ అమ్మాయిని నంబరు అడిగి, నా ఫోన్‌తో నర్సుకు చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తింది, వార్డులో ఉన్నానని గుసగుసగా చెప్పింది. పొద్దున ఏ జమియా దగ్గర కలుసుకున్నారో అడిగాను. పేటా, బ్లాకూ చెప్పింది. అక్క దాన్ని డ్రైవరుకు చెప్పింది, అతను మళ్లీ అక్కకు అప్పజెప్పాడు.

"జమియా కాడ దిగు. పొద్దున నడిచొచ్చిన దారే నడువు. ఏం కనపడతాంది?"

"రోడ్డక్కా. పెద్ద రోడ్డెక్కాం. అక్కా, ఛార్జింగు అయిపో..."

లైన్ తెగిపోయింది.

చేయగలిగింది ఏమీ మిగల్లేదు. డ్రైవరు నంబరు తీసుకోవాలని ముగ్గురిలో ఎవరికీ తోచలేదు. అక్క స్టూలు మీద కూర్చుని ఫోన్ ఒళ్లో పెట్టుకుంది. సంగటి గట్టిపడిపోయింది. కిటికీ అవతల ఎండ గోడ మీదికి ఎక్కి, పచ్చబడి, పోయింది. మసీదులో పొద్దుగుంకే వేళ నమాజుకు మగ్రిబ్ పిలుపు మొదలైంది.  రోడ్డు మీద కారు ఆగిన ప్రతిసారీ, ఏ సంబంధమూ లేకపోయినా, ఆమె తల తిరిగేది.

ఫోన్ మోగింది.

"దిగానక్కా. దారి ఎతుక్కుంటా వచ్చి, ఇప్పుడే ఛార్జింగు పెట్టాను. ఇంట్లోనే ఉన్నాను. మామా వాళ్లు ఇంకా రాలేదు. గేటు కాడ చప్పుడౌతంది, ఎళ్లొస్తాను."

"సరే. ఇంగ పెట్టెయ్."

గిన్నె దగ్గరికి లాక్కుంది. ముద్ద చేతిలోంచి జారింది. నేను చూశానని గమనించి, "కూరలో ఉప్పు ఎక్కువైందా అబ్బీ?" అని అడిగింది. కాలేదని చెప్పాను.

ఆ అమ్మాయికి ఇఖామా పోలేదు. ఒక మార్పు మాత్రం వచ్చింది. అప్పటి నుంచి, కొత్తగా ఫోన్ చేసిన ప్రతి ఒక్కరినీ అక్క ముందుగా అడిగే ప్రశ్న, "నీ ఇంటి గోడ మీద నంబరు పలక ఫోటో తీసుకున్నావా?"

అక్కను ఆసుపత్రికి తీసుకుపోయింది కూడా టాక్సీలోనే. తెల్లవారుజామున ఛాతీలో నొప్పి అని పక్క గది అమ్మాయిని నా దగ్గరికి పంపింది. వెనక సీట్లో నా భుజానికి ఆనుకుని కూర్చుంది. ఎందరి చేతనో దారంతా మాట్లాడించిన మనిషి, ఒక్కమాటా అనలేదు. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. ఆసుపత్రి మలుపు దగ్గర డ్రైవరు నేరుగా పోబోతుంటే, అన్నం తినే చెయ్యి కొంచెం పైకెత్తి చూపించింది. అతను అద్దంలో చూసి తిప్పాడు.

శవాన్ని ఊరికి పంపే రోజున చివరి చూపుకు శవాగారానికి వెళ్లాం. గోదావరి అమ్మాయి ఈసారి మామాకు చెప్పి, అనుమతి తీసుకుని ఖైతాన్ వచ్చింది. నేను ముందు సీట్లో, ఆమె వెనక. ఎక్కగానే డ్రైవరుకు దారి తనే చెప్పింది, తప్పు లేకుండా. తర్వాత ఫోన్ చెవికి పెట్టుకుంది.

"ఎక్కానక్కా. పెట్రోలు బంకు దాటాం. ఇప్పుడు వంతెన. ఎడమ పక్కన నీళ్ల టాంకులు, చారలవి."

నేను వెనక్కి తిరిగి చూశాను. ఫోన్ తెర నల్లగా ఉంది. ఆమె నన్ను చూడలేదు, కిటికీలోంచి బయటికి చూస్తోంది. దారంతా చెబుతూనే వచ్చింది. శవాగారం గేటు దగ్గర కారు ఆగింది. కిందికి దిగి, తలుపు వేసి, "దిగానక్కా" అంది.

ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని, అవతలి నుంచి రావలసిన మాట కోసం ఎండలో అలాగే నిలబడింది.