యాదగిరన్న జీతం, వాళ్లమ్మ మోకాళ్లు

పోలీసును విచారించి, దొరికిన ఉద్యోగం పోగొట్టుకోబోయిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇటు తిరగండి, నేనే.

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. శంషాబాద్ విమానాశ్రయంలో కాఫీ కౌంటర్లో పని కుదిరింది. లోపలికెళ్లే పాసు కావాలంటే పోలీసులు ఇంటికొచ్చి మనం మంచివాళ్లమని రాయాలి. ఆ పని మీదే కానిస్టేబుల్ యాదగిరన్న పాల్మాకులలో మా ఇంటికొచ్చి, అరుగు మీద కాగితాలు పరిచాడు. మా ఊళ్లో ఇంటికొచ్చినవాళ్లకు మంచినీళ్లిచ్చి జీతం అడగకపోతే మర్యాద కాదు. పైగా నాకు ఆరా తీసే జబ్బు పుట్టుకతోనే ఉంది.

చాయ్ తాగాక ఆయనే చెప్పాడు. మొన్నటిదాకా కందుకూరు స్టేషన్లో చేశాడట. బేసిక్, డీఏ ఎక్కడైనా ఒకటేనట. ఇంటి కిరాయికిచ్చే భత్యం మాత్రం ఊరిని బట్టి మారుతుందట.

"అయితే కందుకూరు కన్న ఈడ ఎక్కువనా అన్నా?"

"జర ఎక్కువే. అందుకే ఈడికి ట్రాన్స్‌ఫర్ పెట్టుకున్న. సార్లతోని మాత్రం అమ్మకు మోకాళ్ల నొప్పులని చెప్పిన."

నేనూరుకుంటానా? చేతికందిన కాగితం వెనక లెక్క రాశాను. ఒక పక్క కందుకూరు, ఒక పక్క శంషాబాద్, కింద 'అమ్మ మోకాళ్లు ఉత్తదే' అని. ఆ కాగితం నా ఫారమే. ఆయన చూసుకోకుండా పట్టుకుపోయాడు.

మూడోరోజు స్టేషన్ నుంచి ఫోనొచ్చింది. బాపును వెంటబెట్టుకుని పరిగెత్తాను. ఇన్‌స్పెక్టర్ గారి బల్ల మీద నా ఫారం బోర్లా పడి ఉంది. పక్కన యాదగిరన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు గానీ, అడిగితే అమ్మ మోకాళ్లు బయటపడతాయని నాకెవరూ చెప్పలేదు. యాదగిరన్నను చూస్తే ఏడుపొచ్చింది.

"ఇది రాసింది నువ్వేనా?"

"నేనే సార్. సతాయించి అడిగింది నేనే. నా పాసు ఆపినా మంచిదే, అన్నను మళ్ల కందుకూరు పంపకుండ్రి."

ఇన్‌స్పెక్టర్ గారు కాగితం మీద వేలు పెట్టి ఒక్కో అంకే కూడుకుంటూ కిందిదాకా వచ్చారు.

"లెక్క తప్పింది. డీఏ కలపలే నువ్వు."

ఎర్ర పెన్నుతో దిద్ది, తిప్పి సంతకం పెట్టారు. తర్వాత యాదగిరన్న వైపు తిరిగారు.

"మీ అమ్మ మోకాళ్లు ఎట్లున్నయ్?"

"తగ్గినయ్ సార్."

"మంచిది. ఈడనే ఉండి చూస్కో."

ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. ప్రాణంతోపాటు జబ్బూ లేచింది. "మరి మీకెంతొస్తది సార్?" అనేశాను. ఆయన పెన్నుతో తలుపు చూపించారు.

స్టేషన్ మెట్ల మీదే బాపు నెత్తిన చెయ్యిపెట్టి ఒట్టేశాను, ఈ జన్మలో ఎవరి జీతమూ కాగితం మీద రాయనని. అడగనని మాత్రం వేయలేదు. బాపు బతకాలి కదా.