మిట్ట ఎక్కించిన మేస్త్రీ

పోయిన సోమవారం పొద్దున మేడ్చల్ నుంచి ఫోను వచ్చింది. మా జీపు మేస్త్రీ ఇక లేరు. టీ పెట్టి లేపబోతే లేవలేదని ఆయన భార్య చెప్పింది. ఫోను పెట్టేశాక ఎవరితో చెప్పుకోవాలో తెలియక, వెళ్లి జీపు పక్కన నిలబడ్డాను.

నేను ఆయన్ను కాకా అని పిలిచేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు. నా ఎడమ కాలు చిన్నప్పుడే పోలియోతో చచ్చుబడింది. క్లచ్ తొక్కలేను. తొంభైల్లో మా బాపు క్లచ్ లేని పాత విదేశీ జీపును వేలంలో కొని, లాల్‌గడి మలక్‌పేట్‌లోని ద్రాక్షతోటను నా చేతిలో పెట్టారు. రెండేళ్లకే ఆయన పోయారు. ఆ ఏడాది కోతల్లోనే జీపు మొరాయించింది. పండ్ల పెట్టెలతో రాళ్ల మిట్ట ఎక్కుతుంటే గేర్‌బాక్సు వేడెక్కేది. ఇంజను అరిచేదే కానీ బండి కదిలేది కాదు. జీపు అమ్మేసి, తోటను ప్లాట్లకు ఇచ్చేయమని పెదనాన్న కొడుకులు వెంటపడ్డారు.

చూసిన మెకానిక్కులంతా క్లచ్ ఉండే మామూలు గేర్‌బాక్సు పెట్టించమన్నారు. కాకా ఒక్కరే ఆ మాట ఎత్తలేదు. గేర్‌బాక్సు నూనె ఒక చుక్క తెల్లగుడ్డ మీద వేసి వాసన చూశారు. మాడిన వాసన.

"బండి మంచిదే బిడ్డా. దీని నూనె రేడియేటర్ నీళ్లతోనే సల్లబడాలె. మిట్టెక్కేటప్పుడు ఆ నీళ్లే మసులుతయి. ఇగ నూనె యాడ సల్లబడ్తది?" అన్నారు.

నూనెకు విడిగా కూలర్ పెడదామన్నారు. మొదట రాగి గొట్టం చుట్టి బండి కింద బిగించారు. రెండో రోజే రాయి తగిలి పగిలింది. నూనంతా దారిలో కారిపోయింది. అక్కడ తోటలో పండు మెత్తబడుతోంది. కోపంలో అనరాని మాటలు అన్నాను. ఆయన తల వంచుకుని విన్నారు.

"తప్పు నాదే. రాయిని యాది మర్సిన."

అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగి ఇంకో కూలర్ తెచ్చారు. రేడియేటర్‌కు వచ్చే గాలికి అడ్డం రాకుండా పక్కగా, రాళ్లకు అందనంత ఎత్తున, దానికో ఫ్యాను పెట్టి బిగించారు. నిండా పెట్టెలు వేయించి నా పక్కన కూర్చున్నారు. మూడుసార్లు మిట్ట ఎక్కించాను. మూడోసారి దిగి, బండి కిందికి దూరి, కూలర్ నుంచి వచ్చే గొట్టం మీద అరచెయ్యి పెట్టి అలాగే ఉంచారు.

"చెయ్యి ఆగుతాంది బిడ్డా, నూనె సల్లబడ్డది. ఇగ నువ్వు ఎవల్నీ బతిలాడే పని లేదు."

తోట నిలిచింది. ఆ తర్వాత ఏటా కోతలకు ముందు పిలవకుండానే మోపెడ్ మీద వచ్చేవారు. కూలర్ రేకుల్లో దుమ్మంతా నీళ్లతో కడిగి, "గాలికి తొవ్వ ఇడిస్తే సగం రిపేరు అయినట్టే" అనేవారు. మజ్జిగ తాగి వెళ్లిపోయేవారు. నా మీద ఎవరికైనా అంత నమ్మకం ఉండేదంటే, బాపు తర్వాత ఆయనకే.

ఆ సోమవారం వాన. శవాన్ని తెచ్చిన వ్యాను, వెనకే నేను జీపులో వస్తుండగా, శ్మశానం దారి బురదలో దిగబడింది. ఆడవాళ్లు ఇంతకు మించి రాకూడదని ఎవరో గొణిగారు. ఆయన భార్య నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వే తీస్కపో బిడ్డా."

జీపు వెనక సీట్లు మడిచి ఆయన్ను పడుకోబెట్టాం. నడిచే మనుషుల వేగంతోనే పోనిచ్చాను. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేకపోయాను. ఆయన్ను దించుకుని అందరూ వెళ్లాక స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాను. తలెత్తేసరికి మళ్లీ చినుకులు మొదలయ్యాయి. చక్రాల గాడిలో నీళ్లు నిండుతున్నాయి. రెండు బంతిపూల రేకులు ఆ నీళ్ల మీద, ఎటూ పోలేక, అక్కడక్కడే తిరుగుతున్నాయి.