రెండో ఫ్యాన్ కింద

ఫిన్లాండ్‌లోని తంపెరె ఊళ్లో, రైమో దుకాణంలో కంప్యూటర్లు బిగించే ఐలా, మదర్‌బోర్డును ఎప్పుడూ అంచులు పట్టుకునే ఎత్తుతుంది. ప్రాసెసర్‌ను గూట్లో కూర్చోబెట్టేటప్పుడు ఊపిరి బిగబడుతుంది. అప్పుడెవరైనా పలకరిస్తే కసురుకుంటుంది. మొన్న వాతావరణ పరిశోధకురాలు సీర్క కోసం రెండు ప్రాసెసర్ల యంత్రం కడుతోంది. మొదటిది బిగించి రెండోదాని కోసం చెయ్యి చాపితే, ఖాళీ గూటి మీదే ఫ్యాన్ పెట్టెయ్యమన్నాడు రైమో. "ఆవిడ రెండు కదా అడిగింది?" "మూత తీసి చూస్తుందా ఏంటి? కానియ్యి!" నల్లటి ఉప్పు మిఠాయి చప్పరిస్తూ, నల్లబడ్డ పళ్లతో నవ్వాడు.

ఇన్నేళ్లూ ఈ మనిషి పక్కన కూర్చునా అన్నం తిన్నాను అనుకుంది ఐలా. అయినా ఫ్యాన్ బిగించింది. సాయంత్రం సీర్క వచ్చింది. "రెండు ప్రాసెసర్లు మేడమ్, ఇక దూసుకుపోతుంది!" అన్నాడు రైమో. ఐలా మూత విప్పింది. రెండో ఫ్యాన్ ఊడదీసి సీర్క చేతిలో పెట్టింది. "కింద ఏముందో చూడండి. బిగించింది నేనే."