చిన్న కెమెరా, బియ్యం సంచి

ఇవాళ పొద్దున కెమెరా సంచి సర్దుతుంటే ఎండు వేపాకు వాసన గుప్పుమంది. అందులో లెన్సుల పక్కన, అరచేతిలో ఇమిడే చిన్న బియ్యం సంచి ఒకటి ఎప్పుడూ ఉంటుంది. సరోజక్క తన జాకెట్టు కుట్టించుకోగా మిగిలిన ఆకుపచ్చ గుడ్డతో కుట్టింది. పురుగు పట్టకుండా బియ్యంలో నాలుగు వేపాకులు వేసి మూతి బిగించింది. చూసినవాళ్ళు "ఆకలైతే వండుకుంటారా మేడమ్?" అని నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఆ సంచి సంగతి చెప్పాలంటే సరోజక్క సంగతి చెప్పాలి, అది నిలబడి చెప్పే ముచ్చట కాదు.

సరోజక్క పాతబస్తీ పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ వైపు ఫొటోలు తీసేది. మగవాళ్ళు అడుగుపెట్టని ఆ గదుల్లోకి కెమెరాతో పోవాలంటే ఆడమనిషే కావాలి. ఉప్పుగూడలో స్టేషను వెనక ఆమె ఇల్లు. డిగ్రీ అయిపోయి, ఏం చెయ్యాలో తోచక ఇంట్లో అమ్మ చేత చీవాట్లు తింటున్న రోజుల్లో నేను ఆమె దగ్గర పనికి చేరాను. మొదట లైటు గురించి చెబుతుందనుకున్నాను. ఆమె అద్దాల గురించి చెప్పింది. పెళ్ళికూతురి గదిలో ఎటు తిరిగినా అద్దాలే ఉంటాయి. నేను తీసిన మొదటి ఫొటోల్లో, ప్రతి అద్దంలోనూ కెమెరా పట్టుకుని నోరు తెరుచుకున్న నేనే కనబడ్డాను.

"ఏంది పిల్లా ఇది? పెళ్ళి నీదా, గా పిల్లదా?" అంది అక్క. "అద్దంల మనం పడొద్దు. పడితే పిలవని పేరంటానికి పోయి ముందటి వరసల కూసున్నట్టే."

"ఎట్లక్కా, ఎటు జూసినా అద్దమే గద?"

"ఒక్క అడుగు పక్కకు జరుగు. మన పనంత గా ఒక్క అడుగులనే ఉంది."

ఆ ఒక్క అడుగు నేర్చుకోవడానికి నాకు చాలా పెళ్ళిళ్ళు పట్టాయి. ఈలోగా అక్కకు వేరే కష్టం వచ్చింది. పెద్ద కెమెరా, దానికో పొడుగు లెన్సు, నెత్తిన ఫ్లాషు, ఇవన్నీ ఏళ్ళకేళ్ళు మోసి కుడి మణికట్టు దెబ్బతింది. తర్వాత ఆ చెయ్యి సన్నగా వణకడం మొదలైంది. ఆమె చాయ్ కప్పు దించితే సాసరు గలగలమనేది. డాక్టరు బరువు ఎత్తొద్దన్నాడు. కూతురు సునీత "ఇగ చాలమ్మా, ఇంట్ల కూసో" అని ఒకటే పోరు. అక్క ఎవరికీ ఎదురు చెప్పలేదు, ఎవరి మాటా విననూ లేదు. నాతో మాత్రం ఒకనాడు అంది, "ఇంట్ల కూసుంటే ఏం చేస్త పిల్లా, గోడలు చూస్తనా? నేను మందిని చూసుడు మరిగిన. అది పోతే నేనేం మిగుల్త?"

అట్లా ఇద్దరం కోఠిలో ఒక కెమెరా దుకాణానికి వెళ్ళాం. దుకాణం అతను చిన్న మిర్రర్‌లెస్ కెమెరా ఒకటి అక్క చేతిలో పెట్టాడు. సబ్బు డబ్బా కంటే కాస్త పెద్దది, అంతే.

"లోపల అద్దం ఉండదమ్మా, గందుకే గింత చిన్నగుంది," అన్నాడు.

"అద్దమే లేదా? ఇగ నీకు లొల్లే లేదు పిల్లా!" అని అక్క నా వైపు తిరిగి పకపకా నవ్వింది.

అతను దాన్ని ఆకాశానికెత్తాడు. ఎంత చిన్నదైనా లోపల బొమ్మను పట్టే సెన్సర్ పెద్ద కెమెరాలదేనట. పిక్సెల్స్ మస్తుగా ఉంటాయట. ఎక్కడో మూలకున్న మనిషిని కత్తిరించి పెద్దగా చేసుకున్నా కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చట. అక్క అంతా విని, కెమెరాను అరచేతిలో కూరగాయలా తూచి చూసింది.

"గిది మనకు ఇచ్చేది చెప్పినవ్ భయ్యా. మనతాన గుంజుకునేది గుడ చెప్పు."

అతను కాసేపు నసిగి దారికొచ్చాడు. "బ్యాటరీ జల్ది దిగిపోతది. కార్డు ఒక్కటే పడ్తది, అది ఖరాబైతే పెళ్ళంత గాయబ్. పట్టు చిన్నది, చెమటకు జారుతది. ఫొటోలు బరువు, కంప్యూటర్ నిండిపోతది." అక్క కుడిచేతి వైపు చూసి, "ఇంకోటమ్మా... గిన్ని పిక్సెల్స్ ఉన్నయంటే చెయ్యి జర కదిలినా పట్టిచ్చేస్తది," అన్నాడు.

అక్క ఎదురుగా గోడ మీది క్యాలెండరును ఒక ఫొటో తీసింది. తెర మీద పెద్దగా చేసి చూస్తే ప్రతి అంకె పక్కన దాని నీడలాగా ఇంకో అంకె. చేతికి హాయిగా ఉందనుకున్న కెమెరానే చేతి గుట్టు రట్టు చేసింది. నాకు అక్క ముఖం చూడబుద్ధి కాలేదు. "వద్దులే అక్కా, పోదాం పా," అన్నాను.

"మొఖం బాగలేదని అద్దం పగలగొట్టుకుంటమా?" అంది అక్క. "ప్యాక్ చెయ్ భయ్యా."

ఇంటికొచ్చి గోడకు పాత పేపరు అంటించి రోజూ సాధన. కెమెరాను దిండు మీద పెట్టి చూసింది, దిండు కుంగిపోయింది. మడిచిన చద్దరు మీద పెడితే జారింది. చివరికి ఈ బియ్యం సంచి కుట్టింది. కెమెరాను దాని మీద నొక్కితే బియ్యం సర్దుకుని దాన్ని కదలకుండా పట్టుకుంటుంది. ఆ ఇంట్లో ఇంకో చిక్కుంది. ఫలక్‌నుమా రైలు పోయినప్పుడల్లా కిటికీ రెక్కలు టకటకలాడతాయి. అక్క తొందరపడేది కాదు.

"చూసినవా, ఇల్లు గుడ వణుకుతది. రైలు పోయినంక నిమ్మలమైతది. నా చెయ్యి గుడ గంతే. జర ఆగాలె, గా నిమ్మలం వచ్చినప్పుడు నొక్కాలె."

ఆ కెమెరాతో మొదటి పెళ్ళి శాలిబండలో. బయల్దేరేముందు అక్క పాత పెద్ద కెమెరాను బ్యాటరీ తీసేసి నా మెడలో వేసింది. "గిది చూసెటోళ్ళకు. చిన్నది తీసెటందుకు," అంది. అయినా పెళ్ళికూతురి ఖాలా, అంటే పిన్ని, చిన్న కెమెరాను కనిపెట్టనే కనిపెట్టింది. "ఏ క్యా అమ్మా, ఖిలౌనా లాయే క్యా?" అని నడుము మీద చెయ్యి పెట్టుకుంది, బొమ్మ తెచ్చారా అని. అక్క తొణకలేదు. "సోనా భీ ఛోటాచ్ రహతా ఖాలా, తోల్ కే దేఖో!" బంగారం కూడా చిన్నగానే ఉంటుంది, తూచి చూడమని. గదంతా నవ్వింది, ఖాలా కూడా నవ్వింది.

వెనకటి అక్క గదంతా కలియతిరిగేది. ఆ రోజు కిటికీ పక్కన ముక్కాలిపీట వేసుకుని, కిటికీ గట్టు మీద బియ్యం సంచి, దాని మీద కెమెరా పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి అందరూ ఆమెను మరిచిపోయారు. ముసలమ్మలు తమలపాకుల పాన్‌దాన్లు తెరిచారు, పిల్లలు ఢోలక్ వాయించారు, అక్కచెల్లెళ్ళు పెళ్ళికూతురికి గాజులు తొడిగారు. అక్క గది మొత్తాన్ని ఒక్క ఫొటోలో పట్టి, కావలసిన ముఖాలను తర్వాత కత్తిరించుకునేది. ఆకలిగొన్న ఆ కెమెరాకు బ్యాటరీలు అందించడమే నా పని. ఆల్బమ్ చూశాక ఖాలా మళ్ళీ పేచీ పెట్టింది, ఇది నా ముడతలన్నీ లెక్కపెట్టిందేమిటని. కానీ తన కూతురి పెళ్ళికి మళ్ళీ మమ్మల్నే పిలిచింది. ఆ చిన్న కెమెరాతో అక్క ఇంకా కొన్నేళ్ళు మందిని చూస్తూనే ఉంది. ఆ సంతోషం నేను కళ్ళారా చూశాను.

పోయిన చలికాలం అక్క నిద్రలోనే వెళ్ళిపోయింది. మూడు రోజులకు సునీత ఫోను చేసింది. "పటం కట్టియ్యాలె రజితా. అమ్మ ఫొటో ఒక్కటి సక్కంగ లేదు. ఆధార్ కార్డు మీదిది ఉంది గని, దాంట్ల అమ్మ అమ్మ లెక్క లేదు."

ఇన్ని పెళ్ళిళ్ళు తీసిన మనిషికి తన ఫొటో లేదు. నేను పాత డిస్కులన్నీ ముందేసుకుని కూర్చున్నాను. అద్దాలు చాలా కనబడ్డాయి. ఒక్క దాంట్లోనూ అక్క లేదు, అన్నిటికీ ఒక అడుగు పక్కకు జరిగే ఉంది. చివరికి శాలిబండ పెళ్ళి ఫొటో తెరిచాను. పెళ్ళికూతురి వెనక ఎక్కడో దూరంగా బీరువా అద్దం, అందులో చీమంత ఆకుపచ్చ చుక్క. పెద్దగా చేశాను. ఇంకా పెద్దగా చేశాను. అక్క! అదే ఆకుపచ్చ జాకెట్టు, కిటికీ గట్టు మీద మోచెయ్యి, బియ్యం సంచి. పెద్ద కెమెరా అయితే ముఖం దాని వెనక పోయేది. ఈ చిన్నదాన్ని కిందికి పెట్టుకుని, గాజులు తొడిగే పిల్లల్ని చూస్తూ తనలో తాను నవ్వుకుంటోంది. ఎక్కడా వణుకు లేదు. కోఠి దుకాణం అతను చెప్పింది నిజమే, కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. నేను లెక్కపెట్టలేదు, కళ్ళనిండా నీళ్ళు.

అక్క చూసుకోక అద్దంలో పడిందో, చూసి కూడా జరగలేదో నాకు తెలియదు. ఆ ముక్క కత్తిరించి సునీతకు ఇచ్చాను. ఇప్పుడది ఉప్పుగూడ ఇంట్లో గోడ మీద ఉంది. రైలు పోతుంటే పటం వణుకుతుంది, పోయాక నిమ్మలమవుతుంది.

ఇవాళ ఫలక్‌నుమాలో పెళ్ళి. జేబులో బ్యాటరీలు, చేతిలో సునీత నాకిచ్చిన అక్క చిన్న కెమెరా, సంచిలో వేపాకు వాసన. గదిలోకి పోగానే ముందు అద్దాలు చూసుకుంటాను, అక్క చెప్పినట్టే ఒక్కో అడుగు పక్కకు జరుగుతాను. ఈ మధ్య మాత్రం, ప్రతి పెళ్ళిలో ఏదో ఒక్క అద్దం దగ్గర కావాలనే పక్కకు జరగడం లేదు.