చెరకు బండి మీద నా పేరు

మా చిన్నప్పుడు చక్కెర ఫ్యాక్టరీ నడిచే నెలల్లో చెరకు బండ్ల చప్పుడుతోనే మెలకువ వచ్చేది...

ఆ రోజూ అంతే. బాపు చీకటి ఉండగానే బండి కట్టుకుని బోధన్ ఫ్యాక్టరీకి వెళ్లిపోయాడు. నేను దేవుడి గూట్లో దీపం పెట్టి, చెల్లెళ్లిద్దరికీ జడలు వేసి, జొన్నరొట్టె గుడ్డలో చుట్టుకున్నాను. అవ్వ, అంటే మా అమ్మ, చెంబు అందించింది.

"నీళ్లు తాగి పో బిడ్డా."

పెదవులు తడిపి కింద పెట్టేశాను.

మా జూనియర్ కాలేజీలో ఆడపిల్లలకు మరుగుదొడ్డి లేదు. పొద్దున బస్సెక్కితే మళ్లీ సాయంత్రం ఇంటికి వచ్చేదాకా... అందుకే ఎవ్వరమూ నీళ్లు తాగేవాళ్లం కాదు. ఆ ఏడాది ఆడపిల్లల ప్రతినిధిగా నేను పోటీలో నిలబడింది ఆ మరుగుదొడ్డి కోసమే. ఇంట్లో చెప్పలేదు. గెలిచాక చెబుదాం అనుకున్నాను.

మా క్లాసు అబ్బాయిలకు ఊళ్లో గోడలు చాలలేదు. ఫ్యాక్టరీ ముందు బారులు తీరిన బండ్ల వెనక చెక్కల మీద సున్నంతో రాసుకుంటూ పోయారు... 'విజయకే మీ ఓటు'. ఏ బండి ఎవరిదో వాళ్లకేం తెలుసు!

బాపుకు చదువు రాదు. చెరకు తూచే కాంటా దగ్గర గుమాస్తా మా బండి మీది రాత పైకి చదివి నవ్వాడట.

"ఏం పెద్దమనిషీ, ఎవలీ విజయ? ఓట్లడుగుతున్నవ్?"

"నా బిడ్డ పేరు గూడ గదే సారూ..." అన్నాడట బాపు, అయోమయంగా.

వెనక బండిలోని మోస్రా ఊరి మనిషి అందుకున్నాడట. "నీ బిడ్డనే అన్నా. మా పిల్ల గూడ గామెకే ఓటేస్తదట!"

సాయంత్రం బాపు కాళ్లు కూడా కడుక్కోకుండా అరుగు మీద కూర్చున్నాడు. బాపు తమ్ముడు, మా కాక మాత్రం నిలబడే ఉన్నాడు.

"ఆడపిల్ల పేరు ఊరంత తిప్పుకుంట వచ్చినవ్ గదనే అన్నా! రేపటి సంది కాలేజి బంద్ జెయ్యి."

గూటి ముందు కూర్చున్నాను. రోజూ చదివే శ్లోకం రెండో పాదం దగ్గరే ఆగిపోతోంది... మళ్లీ మొదలు, మళ్లీ ఆగడం.

"ఎందుకు నిలబడ్డవే?" అవ్వ అడిగింది.

చెప్పాను.

"పొద్దుందాక నీళ్లు తాగకుంటనా?" అంది అవ్వ. కాక తల తిప్పుకున్నాడు.

ఇప్పుడు ఆ ఓట్లూ లేవు, సున్నం రాతలూ లేవు... క్లాసుకొక పేరు సారే రాసుకుంటాడని మా చెల్లెలి కూతురు చెబుతుంది. గొడవ లేదు, భయమూ లేదు. కానీ ఎందుకు నిలబడ్డావని పిల్లల్ని అడిగేవాళ్లూ లేరు. మీలో ఎవరైనా అలా నిలబడి, ఇంట్లో జవాబు చెప్పుకున్న రోజు ఉంటే రాయండి... చదువుతాను.

మా ఇంట్లో ఆ సాయంత్రం తేలింది ఇంతే. పోటీలో నా పేరు ఉంటుంది. గెలిచినా ఓడినా ఇంటర్‌తో నా చదువు ఆగిపోతుంది.

"ఇష్టమేనా బిడ్డా?" అన్నాడు బాపు.

సరే అన్నాను.